చెల్లని నోటు మీద తెలుగు

అమెరికాలోని నెవాడా జూదశాలల్లో డబ్బుకు బదులు బిళ్ళలతో పందెం కాస్తారు. ఆ గడప దాటితే అవి చెల్లవు. రద్దయిన బిళ్ళలను మళ్ళీ ఆటలోకి రాకుండా నాశనం చేయాలని అక్కడి నిబంధన. కొన్నింటిని కాంక్రీటులో పూడ్చారు. సేకరించేవాళ్ళు వాటినీ తవ్వి తీశారు.

రాంగోపాల్‌పేటలో కాపురముంటున్న నాకు ఇది చదవగానే హాలీ సిక్కా గుర్తొచ్చింది. అదీ నిజాం రాజ్యపు గడప దాటితే చెల్లని డబ్బే. బ్రిటిష్ అజమాయిషీలో ఉన్న రోజుల్లో సికింద్రాబాదులో కల్దారు రూపాయి నడిచేది. హుసేన్‌సాగర్ అవతల హాలీ. హైదరాబాదు విలీనమయ్యాక ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయలు లెక్కగట్టారు. 1959లో హాలీ చెలామణీ ముగిసింది.

వెండి నాణెం కరిగినా వెండే. రద్దయిన నోటుకు ఆ ఆసరా కూడా లేదు. మిగిలిన కొన్ని నోట్లు సేకరించేవాళ్ళ దగ్గర ఉన్నాయి. వారు చూసేది సంతకం, మడత, అరుదుదనం. తెలుగు పంతులుగా నేను చూసింది అక్షరాలు. ఉర్దూ, ఇంగ్లీషులతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడాల్లోనూ విలువ రాసి ఉంది.

ఈ నోట్లు వచ్చింది 1918లో. ఆ సంవత్సరమే ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. శిస్తు కట్టే రైతుకు రూపాయి తెలుగులో కనపడాలి; అతని కొడుకు ఉన్నత విద్యకు మాత్రం తెలుగు పనికిరాదు! పాలకుల భాషా విధానం ఇంత స్పష్టంగా మరే కాగితం చెబుతుంది?

ఆ సాక్ష్యాన్ని దాచిపెట్టినందుకు సేకరించినవారికి రుణపడి ఉన్నాం. దాన్ని చదివి చెప్పవలసింది మాత్రం సాహిత్య విద్యార్థులమైన మనమే.