ఫైబర్‌గ్లాస్ డెక్కులో కుళ్లేది ఏమిటి?

ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ డెక్కు కుళ్లుతుందంటే వెంటనే నమ్మబుద్ధి కాదు. గాజుపోగూ పాలిస్టర్ రెజినూ కుళ్లే సరుకులు కావు మరి. కుళ్లేది వాటి నడుమ దాగిన చెక్క. 1942లో ఒహాయో రాష్ట్రం టొలీడోలో రే గ్రీన్ ఫైబర్‌గ్లాస్ అనే ఈ కొత్త సరుకుతో పడవ చేశాడు. 1959 జనవరిలో న్యూయార్క్ పడవల ప్రదర్శనకు పియర్సన్ కంపెనీ 28 అడుగుల ట్రైటన్‌ను తెచ్చింది. కార్ల్ ఆల్బర్గ్ గీసిన ఆ పడవ వందల సంఖ్యలో తయారైంది. పడవ పొట్టను గాజుపొరలు దిట్టంగా పేర్చి పోసినా ఫర్వాలేదు. డెక్కు విషయంలో అది కుదరదు. బరువు పైన చేరితే పడవ నిలకడ తప్పుతుంది, పలచన చేస్తే కాలు వేసిన చోటల్లా కుంగుతుంది. పలక మందం రెట్టింపైతే వంగకుండా నిలిచే గుణం ఎనిమిది రెట్లవుతుంది. అందుకే రెండు పలచటి గాజుపొరల మధ్య తేలికైన బాల్సా చెక్క ముక్కలను, నార నిలువుగా ఉండేలా ఇరికించారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ మస్కిటో విమానం ఒంటిని కూడా ప్లైవుడ్ పొరల నడుమ బాల్సా పెట్టే కట్టింది.

అయితే నేరం బాల్సాదేనా? అలా తీర్పు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు కానీ, పొడిగా ఉన్న బాల్సా దశాబ్దాలు నిలుస్తుంది. అసలు దోషం బోల్టు రంధ్రాలది. తాళ్లు కట్టే క్లీట్లకూ, అంచు కమ్మీలకూ డెక్కును తొలిచి, చుట్టూ సీలెంటు పూసి వదిలేశారు. సీలెంటు ఎండి పట్టు వదలగానే నీరు చెక్కకు చేరుతుంది. బాల్సాకు బదులు ఫోమ్ వాడితే కుళ్లు ఉండదు, నిజమే. కానీ చలిదేశాల్లో లోపలికి దిగిన నీరు గడ్డకట్టి పొరలను ఊడదీస్తుంది. రంధ్రం చుట్టూ బాల్సా తవ్వేసి, చిక్కటి ఎపాక్సీ రెజిన్ నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో తొలిస్తే నీటికి చెక్క అందదు. ఈ కాస్త పని ఫ్యాక్టరీలోనే జరగాల్సింది.

కుళ్లిన డెక్కును బాగుచేయడానికి యజమానే రంపం పట్టడం సరదా కొద్దీ కాదు, లెక్క తేలక. పడవ పొట్ట చెక్కుచెదరదు, ధర మాత్రం పడిపోతుంది. డెక్కు బాగుచేయడమంటే దాదాపు అంతా చేతిపని కాబట్టి పాత పడవకు ఆ కూలి దాని ఖరీదునే దాటొచ్చు. మిషిగన్ రాష్ట్రం బే సిటీలో 1969లో పని మొదలుపెట్టిన గూజన్ సోదరులు ఆ తర్వాత వెస్ట్ సిస్టమ్ ఎపాక్సీని, వాడే పద్ధతి వివరించే పుస్తకాలతో సహా మామూలు జనానికి అందించారు. పని ఇలా సాగుతుంది: ముందు డెక్కును సుత్తితో తట్టి మొద్దుగా మోగిన మేర గుర్తు పెట్టుకోవాలి. పైపొర కోసి ఎత్తి, తడి చెక్క గీకి, ఆరనిచ్చి, కొత్త బాల్సాను ఎపాక్సీలో కూర్చి, తీసిన పొరను తిరిగి అతికించాలి. కోసిన అంచులను మందానికి పన్నెండు రెట్ల వెడల్పున ఏటవాలుగా అరగదీసి, పైన కొత్త గాజుబట్ట పరవాలి. ఇంత శ్రమ దేనికి, చిన్న రంధ్రాల్లోంచి ఎపాక్సీ ఎక్కిస్తే చాలదా అంటారు. తడిసిన చెక్కకు ఎపాక్సీ సరిగా అంటదు, పైగా అది లోపల ఎంతవరకు పాకిందో కనపడదు. కొత్తవాళ్ల చేతిలో పడవ బలహీనపడుతుందన్న భయం తీసిపారేయదగ్గది కాదు. తెరచాప స్తంభం బరువు మోసే చోట, దాన్ని పట్టి ఉంచే తీగలు డెక్కును దాటే చోట మాత్రం అనుభవజ్ఞుడి చేత చూపించుకున్నాకే కోయాలి.