సిగరెట్ ట్యాక్స్ మీద తిరగబడ్డ కెనడా

సిగరెట్ మీద ట్యాక్స్ పెంచితే తాగేవాళ్లు తిట్టుకుంటారు, అది మామూలే. కానీ 1994 జనవరిలో కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో షాపుల వాళ్లే స్మగ్లింగ్ సిగరెట్లు తెచ్చి అందరి ముందే అమ్మారు. నిరసనగా!

కథ 1991 బడ్జెట్‌తో ముదిరింది. ఫెడరల్ ప్రభుత్వం, అంటే మన సెంట్రల్ లాంటిది, 200 సిగరెట్ల కార్టన్ మీద 6 డాలర్లు పెంచింది. రాష్ట్రాల పన్ను వేరే. ఎక్స్‌పోర్ట్ చేసే సరుకు మీద మాత్రం ఆ ట్యాక్స్ లేదు. అసలు లొసుగు అక్కడే ఉంది. కెనడా సిగరెట్లే పన్ను లేకుండా అమెరికా వెళ్లి, సెయింట్ లారెన్స్ నది మీదుగా దొంగచాటుగా వెనక్కి వచ్చేవి. అదే బ్రాండ్, రేటు మాత్రం చాలా తక్కువ. ఇంక పన్ను కట్టి నిజాయితీగా అమ్మేవాడి కొట్టుకి ఎవరొస్తారు చెప్పండి? 1992లో ఎక్స్‌పోర్ట్ మీద కూడా ట్యాక్స్ వేశారు. కంపెనీలు గొడవ చేశాయి, కొన్ని వారాలకే తీసేశారు.

చివరికి 1994 ఫిబ్రవరి 8న, కొత్తగా గెలిచిన ప్రధాని జాన్ క్రెటియన్ కార్టన్‌కి 5 డాలర్లు తగ్గించారు. క్యూబెక్ ఇంకా ఎక్కువ తగ్గించింది. స్మగ్లింగ్ పడిపోయింది. జనం గెలిచారు అనిపిస్తుంది కదా? నాకైతే అనిపించట్లేదు. ఆ కోపం నిజమే, కానీ అదంతా ప్రభుత్వం మీదకే పోయింది. 2008లో ఇంపీరియల్ టొబాకో కెనడా, రోత్‌మన్స్ బెన్సన్ అండ్ హెడ్జెస్ కంపెనీలు ఆ దొంగ వ్యాపారానికి సాయపడ్డామని కోర్టులో నేరం ఒప్పుకున్నాయి. రెండూ కలిపి 100 కోట్ల కెనడా డాలర్లకు పైనే కట్టడానికి సరే అన్నాయి. ట్యాక్స్ తగ్గి అప్పటికే 14 ఏళ్లు.