కుర్చీ – నడుము

కచేరీలో తువాలు పరచిన కుర్చీని చూడగానే అది అధికారిదని మనకు తెలియును. “కుర్చీ” అనే మాట అరబ్బీలో పుట్టి, పారసీ, ఉరుదూల మీదుగా తెలుగులోనికి వచ్చినది. అరబ్బీలో దానికి సింహాసనమనే అర్థము కూడ కలదు. అందువలననే కాబోలు, లోకము చాలకాలము కుర్చీని హోదాను బట్టి ఇచ్చినదేగాని నడుమును బట్టి ఇయ్యలేదు. అధికారికి చేతుల కుర్చీ, గుమాస్తాకు వీపు ఆనని ఉత్త స్టూలు. దినమంతయు వంగి లెక్కలు వ్రాసినవాడు మాత్రము గుమాస్తాయే.

ఈ బాధను గుర్తించినవాడు ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీనీ. వృత్తుల వలన కలిగే రోగములపై 1700లో ఆయన ఒక గ్రంథము ప్రకటించినాడు. 1713 నాటి కూర్పులో లేఖకులను గూర్చి ఒక ప్రకరణము చేర్చి, వారి రుగ్మతలకు మూడు కారణములు చెప్పినాడు: ఎడతెగక కూర్చుండుట, చేయి ఒకే తీరున కదలుట, మనస్సుకు విశ్రాంతి లేకుండుట.

1849లో అమెరికాలో థామస్ వారెన్ ఉక్కు స్ప్రింగులు, చిన్న చక్రములు గల తిరుగుడు కుర్చీని రూపొందించినాడు. 1851 లండన్ మహాప్రదర్శనలో దానిని జనులు చూచినారు. అయినను సౌఖ్యము వేరు, శరీరమునకు ఆసరా వేరు. ప్రసిద్ధ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1939లో తెరచిన జాన్సన్ కంపెనీ కార్యాలయమునకు మూడు కాళ్ల కుర్చీలు చేయించినాడు. కుదురుగా కూర్చుండనివారిని అవి పడద్రోసెడివి! తరువాత నాలుగు కాళ్లు పెట్టవలసి వచ్చినది. మనిషే కుర్చీకి లోబడవలెనన్న ఊహ అట్లు ఓడిపోయినది.

1948లో స్వీడన్ వైద్యుడు బెంగ్ట్ ఓకర్‌బ్లోమ్ నడుము వంపునకు ఆసరా, తగినంత తక్కువ ఎత్తు కావలెనని వివరించినాడు. 1960లలో ఆ దేశమువాడే ఆల్ఫ్ నాకెమ్సన్ వెన్నుపూసల నడిమి బిళ్లలలో ఒత్తిడిని కొలిచి, ఆసరా లేక కూర్చున్నప్పుడు అది నిలుచున్నప్పటికంటె హెచ్చని చెప్పినాడు. 1999లో జర్మనీలో జరిగిన కొలతలు ఆ తేడాను ఒప్పుకొనలేదు. కాని ముందుకు వంగి కూర్చున్నచో ఒత్తిడి పెరుగునని అవియు చూపినవి.

కావున కుర్చీలు కొనే యజమానులు ధరతోపాటు కొన్ని సంగతులు చూడవలెను. పాదములు నేలకు ఆనవలెను. నడుము వెనుక ఆసరా ఉండవలెను. ఎత్తు సవరించుటకు వీలుండవలెను. పొట్టివారికిని పొడుగువారికిని ఒకే కొలత నప్పదు. అన్నిటికంటె ముందు, అందులో కూర్చుండబోవువారిని అడుగవలెను. ఎంత మంచి కుర్చీయైనను నడుమ నడుమ లేచి నాలుగడుగులు వేయుటకు బదులు కానేరదు.

సాయంకాలము మీ ఇంటివారు నడుము పట్టుకొని తిరిగివచ్చినచో, వయస్సును నిందించకముందు వారి కుర్చీని గూర్చి అడిగి చూడండి.