తెడ్డు చెక్కిన చేయి: పుట్టి ప్రయాణంలో వడ్రంగి పాత్ర

తెలుగు నేల జలరవాణా చరిత్రలో ఓడలకు, రేవులకు, సుంకాలకు దక్కిన చోటు తెడ్డుకు దక్కలేదు. త్వరగా శిథిలమయ్యే కలప వస్తువు కావడం ఇందుకు ఒక కారణం. వడ్రంగి చేతి నుంచి వచ్చే అనేక పనిముట్లలో ఒకటిగా అది కలిసిపోవడం అంతకంటే బలమైన కారణమని ఈ వ్యాసకర్త భావన.

క్రీ.శ. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆనెగొంది వద్ద తుంగభద్రను దాటించే గుండ్రని పుట్టిని వర్ణించాడు. లోపల బెత్తపు అల్లిక, వెలుపల తోలు, 15 నుంచి 20 మంది పట్టే వైశాల్యం. దానిని తెడ్డు వంటి సాధనంతో నడుపుతారనీ, అది తిన్నగా సాగక తిరుగుతూనే ఉంటుందనీ పేర్కొన్నాడు. రాబర్ట్ సెవెల్ 1900లో ప్రకటించిన ఆంగ్లానువాదం వల్ల ఈ వర్ణన పరిశోధకులకు సుపరిచితమే. అయితే పేస్ చెప్పినది సగమే. పుట్టికి ముక్కు లేదు, అడుగున నిలువు దూలం లేదు. పక్కకు వేసిన ప్రతి పోటూ దానిని గిరగిర తిప్పుతుంది. అందువల్ల నడిపేవాడు ముందువైపున కూర్చుండి, తెడ్డును కుడియెడమలకు వాలుస్తూ నీటిని తనవైపు లాగుతాడు. పడవ ఆకృతి ఇవ్వలేని దిశను తెడ్డు పలక ఇవ్వాలి. ఆ పలకను తీర్చినది వడ్రంగి.

ఏకాండీ తెడ్డు నాణ్యత కలప ఎంపికలోనే సగం తేలిపోతుంది. ముడులు లేని, నార తిన్నగా సాగిన చేవకర్ర కావాలి. రంపంతో కోస్తే నార మధ్యలో తెగే ప్రమాదముంది. గొడ్డలితో, చీలలతో చీలిస్తే చీలిక నార వెంటే పోతుంది. పిడి పొడవునా నార తెగకుండా ఉంటేనే లాగుడు బరువుకు తెడ్డు విరగదు. తాడుతో నడిమి గీత కొట్టుకొని, గొడ్డలితో రూపు దింపి, ఆ తరువాత బాడిస పడతారు. పలక నడుమ వెన్ను మందంగా నిలవాలి, అంచులు పలచబడాలి. ఇక్కడ ఒక్క దెబ్బ లోతుగా పడితే సరిదిద్దే వీలుండదు. పిడిని మొదట నాలుగు పలకలుగా, పిమ్మట ఎనిమిది పలకలుగా, చివరకు గుండ్రంగా తీస్తారు. చిత్రిక పట్టడం ఆఖరి పని. (సాహిత్య విమర్శలో ఈ మాటను ధారాళంగా వాడే మనం బాడిసను మరచిపోవడం విచిత్రం.)

తెలుగులో తెడ్డు అంటే వంటింటి కర్రగరిటె, పడవ నడిపే సాధనం కూడా. తమిళంలో ‘తుడుప్పు’కూ ఈ రెండర్థాలూ ఉన్నాయి. కలపడం, తోయడం అనే రెండు పనులకూ ఒకే ఆకృతి సరిపోవడమే ఇందుకు మూలమై ఉండాలి. రెండింటినీ చెక్కినదీ ఒకే చేయి కావచ్చునని ఊహించడం అసంగతం కాదు.

నేడు కృష్ణా జలాశయాలలో చేపలు పట్టే పుట్టికి తోలు బదులు తారు పూసిన ప్లాస్టిక్ పట్టా వచ్చింది. ఫైబరు పుట్లూ వచ్చాయి. కర్రకు పలకను మేకులతో బిగించిన తెడ్డు చౌక, కాని లాగుడు భారమంతా ఆ మేకుల మీదే పడుతుంది. అది వదులైతే నడినీటిలో పుట్టి మళ్లీ పేస్ చూసినట్లే తిరుగుతుంది. మ్యూజియాలకు పుట్టిని సేకరించేవారు దానితోపాటు పాత ఏకాండీ తెడ్డునూ సేకరించి, కొలతలతో పాటు పలకపై బాడిస గాట్ల దిశను నమోదు చేయాలి. చెక్కినవాడు ఏ వైపు నుంచి మొదలుపెట్టాడో, ఎక్కడ ఆగి నారను చూసుకున్నాడో ఆ గాట్లే చెబుతాయి.