నిండుకున్న మాటలు

మా నూజివీడు ఇంట్లో డబ్బా ఖాళీ అయితే అమ్మమ్మ "బియ్యం అయిపోయాయి" అని ఎన్నడూ అనేది కాదు. "నిండుకున్నాయి" అనేది. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. మీ ఇళ్ళలోనూ అంతేగా! అశుభం పలక్కూడదని ఆ మర్యాద. అయితే ఆ మాట వినగానే తాతయ్య సంచీ పుచ్చుకుని బజారుకి బయల్దేరేవారు.

దొరల మర్యాద వేరు. 1832-33లో గుంటూరు సీమ మాడిపోయినప్పుడు జనం దాన్ని దాచకుండా "డొక్కల కరువు" అన్నారు. 1876-78 కరువులో, పనికొచ్చిన మగవాడి కూలిని సర్ రిచర్డ్ టెంపుల్ రోజుకి పౌను ధాన్యం, పైన చిల్లరకి తగ్గించాడు. అది చాలదని డాక్టర్ కార్నిష్ మొత్తుకున్నాడు. ఆ తర్వాత 1883లో వచ్చిన కరువు నిబంధనల్లో "కొరత" వేరు, "కరువు" వేరు. కరువని ఒప్పుకుంటే ఖజానా తాళం తియ్యాలి మరి! 1943లో బెంగాల్లో లక్షలమంది రాలిపోతున్నా కరువని ప్రకటించనే లేదు.

అమ్మమ్మ మాట సంచీని కదిలించింది. సర్కారు మాట సంచీ మూతి బిగించింది. తేడా అంతే.

మొన్న మా రసాల తోట గుత్తదారు, "కాపు ఆశాజనకంగా లేదండీ, కూలీల బాకీ సర్దుబాటులో ఉంది" అన్నాడు. వెనకే నించున్న కూలిమనిషి, "మూడు వారాలుగా పైసా ఇవ్వలేదమ్మా" అంది.

ఆవిడ తెలుగే నాకు అర్థమైంది. లోపలికెళ్ళి పద్దు పుస్తకం తెచ్చి, అతని ముందు పెట్టాను.