దిగడం సరే, ఎక్కేదెలా?

1884 జూన్ 16. న్యూయార్క్ నగరాన్ని ఆనుకుని ఉన్న కోనీ ఐలాండ్ సముద్రతీరం.

బ్రూక్లిన్ వైపు నుంచి వచ్చిన రైళ్లు జనాన్ని దింపి వెళ్తున్నాయి. బీరు దుకాణాలు, సంగీతశాలలు, స్నానాల గదులు దాటుకుని ఇసుక వైపు నడుస్తున్న వాళ్లకు ఆ రోజు కొత్తగా లేచిన ఒక చెక్క కట్టడం ఎదురైంది. ఈ చివర ఒక ఎత్తైన వేదిక, ఆ చివర మరొకటి. రెంటికీ మధ్య సుమారు 600 అడుగుల మేర పక్కపక్కనే రెండు పట్టాల దారులు. అవి తిన్నగా లేవు. పల్లంలోకి దిగి, మిట్ట ఎక్కి, మళ్లీ పల్లంలోకి దిగుతూ అవతలి చివరకు చేరుతున్నాయి. ఇంజను లేదు. గుర్రం లేదు. లాగే తాడు కూడా లేదు.

టికెట్ అయిదు సెంట్లు. డబ్బు చేతిలో పెట్టాక మెట్లు ఎక్కాలి, దాదాపు 50 అడుగుల ఎత్తుకు. పొడుగు గౌన్లు ఎత్తిపట్టుకున్న ఆడవాళ్లు, టోపీలు సర్దుకుంటున్న మగవాళ్లు, వాళ్లకంటే ముందు పరుగెత్తే పిల్లలు. పైన ఒక బండి ఉంది. బండి అంటే చక్రాల మీద పెట్టిన పొడవాటి బల్ల, అంతే. దాని మీద పదిమంది పక్కకు తిరిగి కూర్చోవాలి. ముఖం దారి వైపు ఉండదు, పక్కనున్న దృశ్యం వైపు ఉంటుంది.

పనివాళ్లు బండిని ఒక్క తోపు తోశారు. అంతవరకే మనిషి పని. ఆ తర్వాతదంతా భూమి ఆకర్షణే చూసుకుంది. బండి వాలులో జారింది, పల్లంలో వేగం పుంజుకుంది, ఆ ఊపుతోనే మిట్ట ఎక్కింది, మళ్లీ జారింది. అవతలి వేదిక దగ్గరపడేసరికి ఊపు చాలక, పైకంటా చేరకముందే నెమ్మదించి ఆగింది. ప్రయాణికులు దిగారు. పనివాళ్లు ఖాళీ బండిని మిగిలిన ఎత్తు తోసి, రెండో దారి మీదికి మళ్లించారు. జనం మళ్లీ ఎక్కి కూర్చుని, అలాగే ఊగుతూ బయలుదేరిన చోటికి వచ్చారు.

వేగం గంటకు ఆరు మైళ్లు. అంటే పది కిలోమీటర్లకు కాస్త తక్కువ. నింపాదిగా తొక్కే సైకిలు కూడా దాన్ని దాటిపోగలదు. అయినా జనం వరస కట్టారు, దిగిన వాళ్లే మళ్లీ వెళ్లి వరసలో నిలబడ్డారు. మూడు వారాలు తిరక్కుండానే పెట్టుబడి మొత్తం వెనక్కి వచ్చిందని ఆ కాలం గురించి రాసిన వాళ్లు చెబుతారు. దాని పేరు స్విచ్‌బ్యాక్ రైల్వే. కట్టించినవాడు లామార్కస్ ఆడ్నా థాంప్సన్. అప్పటికి అతని వయసు 36.

రోలర్ కోస్టర్ చరిత్రను అందరూ వేగం కథగా చెబుతారు. ఏ ఏడు ఎంత ఎత్తు, ఎంత వేగం అని లెక్కలు వేస్తారు. ఆ కథ అసలు సంగతిని దాటేస్తుందని నాకు గట్టిగా అనిపిస్తుంది. కిందికి దించడానికి ఎవరి తెలివీ అక్కర్లేదు, ఏ వాలు మీద వదిలినా బండి తనంతట తానే దిగుతుంది. తెలివంతా దాన్ని మళ్లీ పైకి చేర్చడంలో ఉంది. ఆ బరువు ఎవరు మోయాలి, ఆ ఖర్చు ఎవరు భరించాలి? ఈ ప్రశ్నకు ఒక్కొక్కరు ఒక్కొక్క జవాబు చెబుతూ పోయారు. ఆ జవాబుల వరసే ఈ యంత్రం కథ.

మొదటి జవాబు కంచరగాడిద.

పెన్సిల్వేనియా కొండల్లో మాక్ చంక్ అనే ఊరు. దానికి తొమ్మిది మైళ్ల దూరంలో, కొండ మీద సమ్మిట్ హిల్ దగ్గర బొగ్గు గనులు. గనులు పైన, బొగ్గును పడవల్లోకి ఎత్తే లీహై నది కింద. 1827లో లీహై కోల్ అండ్ నావిగేషన్ కంపెనీ ఆ తొమ్మిది మైళ్లకూ పట్టాలు వేసింది. చెక్క పట్టాలు, వాటి మీద ఇనప బద్దె. దారి పొడవునా వాలు ఉండేలా వేశారు కాబట్టి బొగ్గు నింపిన బండ్ల వరసను వదిలితే చాలు, బ్రేకు పట్టుకున్న మనిషి అదుపులో నది దాకా దిగివచ్చేవి. దిగడానికి అరగంట.

ఖాళీ బండ్లను పైకి లాగాల్సింది కంచరగాడిదలు. దానికి మూడు నాలుగు గంటలు పట్టేది. మరి సాయంత్రం అవి పైనే ఉంటే మర్నాటి పనికి ఎలా? అందుకని బొగ్గు బండ్ల వెనకే గాడిదలకూ వేరే బండ్లు తగిలించి, మేత వేసి, వాటినీ కిందికి దించేవారు. గాలి తగులుతుంటే మేత నములుతూ కొండ దిగడం వాటికి ఎంత బాగా అలవాటైందంటే, ఆ తర్వాత కాలినడకన దిగమంటే ససేమిరా కదిలేవి కావట. ఈ ముచ్చట ఆ ఊరి చరిత్ర రాసిన వాళ్లు చెప్పారు. వాలులో జారడం హాయి అని కనిపెట్టిన వాళ్ల జాబితాలో వాటికి చోటు ఉండి తీరాలి.

బొగ్గుకు గిరాకీ పెరిగింది, గాడిదలు చాలలేదు. 1840ల నడుమ కంపెనీ రెండో జవాబు వెతికింది: ఆవిరి యంత్రం. మౌంట్ పిస్గా అనే కొండ మీద ఇంజన్లు బిగించి, ఖాళీ బండ్లను నిటారు వాలులో పైకి చేర్చే ఏర్పాటు చేశారు. ఆ వాలు పొడవు 2,322 అడుగులు, ఎత్తు 664 అడుగులు. బండి వెనక మరో చిన్న బండి వచ్చి ఆనుకుని దాన్ని పైకి నెట్టేది. ఆ చిన్న బండిని ఇనప పట్టీలు లాగేవి. కొండ కొమ్ము దాటాక బండి మళ్లీ సొంతంగా జారి రెండో కొండ పాదానికి చేరేది. అక్కడ మౌంట్ జెఫర్సన్ మీద మరో ఇంజను. ఇలా రెండుసార్లు ఎత్తించి, మిగతా దారంతా జారనిస్తూ గనుల దాకా చేర్చేవారు. వెళ్లడానికి ఒక దారి, రావడానికి ఒక దారి. మొత్తం 18 మైళ్ల చుట్టు.

ఆ నిటారు వాలులో పట్టీ తెగితే? బండి 2,000 అడుగులు వెనక్కి దొర్లిపోవాలి. అందుకే పట్టాల మధ్య రంపం పళ్లలాంటి పళ్లున్న ఇనప బద్దె ఒకటి పరిచారు. బండి పైకి పోతుంటే దానికి వేలాడే కొక్కెం ఒక్కొక్క పన్నూ దాటుతూ టకటకలాడేది. బండి వెనక్కి వస్తే ఆ కొక్కెం పంటికి తగులుకుని ఆపేసేది. ఈనాడు రోలర్ కోస్టర్ మొదటి కొండ ఎక్కుతున్నప్పుడు వినిపించే టకటక శబ్దం ఈ వంశంలోదే. భయపెట్టడానికి పెట్టిన చప్పుడు కాదది, కాపలా ఉందని చెప్పే చప్పుడు.

1872లో కొండ కింద హాటో సొరంగం పూర్తయి, బొగ్గు మామూలు రైళ్లలో పోవడం మొదలైంది. పిస్గా రైలుకు పని తగ్గింది. కానీ అప్పటికే ఊరికి వచ్చేవాళ్లు సరదాకి ఆ బండ్లెక్కి తిరుగుతున్నారు. బొగ్గు పోయినా జనం మిగిలారు. ఆ తర్వాత అరవై ఏళ్ల పాటు, 1933 దాకా, అది విహారయాత్రల రైలుగానే నడిచింది. గని యంత్రం ఆటబొమ్మగా మారింది. దాన్ని వినోదం కోసం ఎవరూ గీయలేదు, కట్టలేదు. జనమే దాన్ని వినోదం చేసుకున్నారు.

వినోదం కోసమే కట్టిన వాలులు అంతకుముందు లేకపోలేదు. రష్యాలో చెక్క కట్టడాల మీద మంచు గడ్డ కట్టించి జారేవారు. 1817లో పారిస్‌లోని బెల్విల్‌లో చక్రాల బండ్లతో 'రష్యన్ కొండలు' వెలిశాయి. అక్కడ ఇరుసు చివరలు పట్టా గాడిలో ఇమిడేలా చేసి, బండి పక్కకు ఎగిరిపోకుండా చూశారు. ఆలోచన గొప్పదే, కానీ ఆ మోజు త్వరగానే చల్లబడింది.

ఇక థాంప్సన్. 1848లో ఒహాయోలో పుట్టాడు. ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్ పట్టణంలో కుట్టు లేని మేజోళ్లు నేసే వ్యాపారం పెట్టి బాగా సంపాదించాడు. పని ఒత్తిడికి ఆరోగ్యం దెబ్బతింది. భక్తిపరుడు. తాగుడూ జూదమూ నిండిన వినోదాల నుంచి జనాన్ని మళ్లించే చోటు, కుటుంబమంతా కలిసి వెళ్లగలిగే చోటు ఒకటి ఉండాలని అతని తాపత్రయం. మాక్ చంక్ రైలే అతనికి ప్రేరణ అని చరిత్రకారులు రాశారు. ఆ రైలును ఒక్కసారి ఊహించుకుని చూస్తే అతని చిక్కు అర్థమవుతుంది. అక్కడ కొండలున్నాయి, ఇంజన్లున్నాయి, 18 మైళ్ల దారి ఉంది. కోనీ ఐలాండ్‌లో ఉన్నది బల్లపరుపు ఇసుక.

అతనికంటే ముందు, 1878లో, బ్రూక్లిన్‌కు చెందిన రిచర్డ్ నడ్సెన్ అనే ఆయన ఇలాంటి రైలుకే పేటెంట్ తీసుకున్నాడు. పక్కపక్కన రెండు దారులు, చివరల్లో బండ్లను పైకెత్తే యంత్రాలు. కాగితం మీద చక్కగా ఉంది, కాగితం దాటి రాలేదు. ఎత్తే యంత్రం అంటే బాయిలరు, బొగ్గు, మనుషులు, మరమ్మతులు. అయిదు సెంట్ల టికెట్ అంత బరువు మోయదు.

థాంప్సన్ ఆ యంత్రాన్నే తీసేశాడు. దాని చోట మెట్లు పెట్టాడు.

వినడానికి చాలా చిన్న మార్పు. కానీ ఆ బండిలో అసలు బరువు ఎవరిది? బల్లది కాదు, దాని మీద కూర్చున్న పదిమందిది. మనిషికి 60 కిలోలు వేసుకున్నా 600 కిలోలు. ఆ 600 కిలోలనూ 50 అడుగుల ఎత్తుకు చేర్చే పని ఆ పదిమంది కాళ్లే చేశాయి, అదీ టికెట్ కొనుక్కుని, ఉత్సాహంగా. బండి అవతలి చివర ఆగిపోయాక పనివాళ్లు తోయాల్సింది ఖాళీ బల్లను, అదీ ఘర్షణ తినేసిన కాస్త ఎత్తు మేరకే. ఇంజనూ గాడిదా చేసిన పనిని ప్రయాణికుడి చేతే చేయించాడు థాంప్సన్. నన్నడిగితే, ఈ కథ మొత్తంలో అతి గొప్ప ఇంజనీరింగ్ ఇదే. ఒక యంత్రాన్ని చేర్చినందుకు కాదు, తీసేసినందుకు. 1885 జనవరిలో అతని కట్టడానికి పేటెంట్ వచ్చింది.

అయితే ఇందులో రెండు లోపాలు. సగం దారిలో దిగి మళ్లీ ఎక్కాలి. ప్రతిసారీ మెట్లు ఎక్కాలి. వరస పొడవుగా ఉన్నప్పుడు ఈ దిగడం ఎక్కడంలో పోయే ప్రతి నిమిషం యజమానికి డబ్బు నష్టమే.

పోటీదారులు ఊరుకోలేదు. 1884లోనే చార్ల్స్ ఆల్కోక్ పట్టాల రెండు చివర్లనూ వంపు తిప్పి కలిపేశాడు. బండి చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే వచ్చేది, మధ్యలో దిగే పని తప్పింది. 1885లో ఫిలిప్ హింకిల్ మరో అడుగు ముందుకు వేశాడు. జనాన్ని కిందనే బండిలో కూర్చోబెట్టి, ఆ బండినే యంత్రంతో మొదటి కొండ మీదికి లాగించాడు. సీట్లు కూడా ముందుకు తిప్పాడు. ఇప్పుడు ప్రయాణికుడు తాను పడబోయే పల్లాన్ని కళ్లారా చూస్తూ ఎక్కుతున్నాడు. పక్కకు తిరిగి కూర్చున్నంత కాలం అది షికారు. ముందుకు తిరిగాక అది గుండె దడ. నడ్సెన్ కాగితం మీదే ఉండిపోయిన ఎత్తుడు యంత్రం ఏడేళ్లకు నిజమైంది. వరసలు కట్టే జనం ఉన్నారని థాంప్సన్ రుజువు చేశాక, బాయిలరు ఖర్చు ఎవరినీ భయపెట్టలేదు.

థాంప్సన్ వేగంలో పోటీ పడలేదు. 1887లో అట్లాంటిక్ సిటీలో జేమ్స్ గ్రిఫిత్స్‌తో కలిసి 'సీనిక్ రైల్వే' కట్టాడు. బండ్లను తాడు ఎత్తేది, బ్రేకు మనిషి బండిలోనే ఉండేవాడు. చీకటి సొరంగంలోకి బండి దూరగానే దీపాలు వెలిగి, గోడల మీద గీసిన చిత్రాలు కళ్ల ముందుకు వచ్చేవి. భయం కంటే ఆశ్చర్యం అమ్మాలని అతని పట్టుదల. అలాంటి రైళ్లు అమెరికాలోనూ యూరప్‌లోనూ పదుల సంఖ్యలో లేచాయి. 1912లో మెల్‌బోర్న్ లూనా పార్క్‌లో అదే పద్ధతిలో కట్టిన సీనిక్ రైల్వే ఇప్పటికీ నడుస్తోంది. బ్రేకు మనిషి ఇప్పటికీ బండ్ల మధ్య నిలబడే ఉంటాడు.

థాంప్సన్ దగ్గర పనిచేసిన ఇంజనీర్లలో జాన్ మిల్లర్ ఒకడు. 1910లో అతను పేటెంట్ తీసుకున్నది, గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా పట్టి ఆపే కొక్కేనికి. పిస్గా కొండ మీది ఇనప పళ్ల ఉపాయమే వినోద రైలుకు తగ్గట్టు కుదురుకుంది. రెండో పేటెంట్ 1919లో. పట్టా కింద నుంచి కూడా ఒక చక్రం పట్టుకునేలా చేశాడు. అంతవరకూ బండి పట్టాల మీద కేవలం తన బరువుతో కూర్చునేది, మిట్ట దాటేటప్పుడు ఎగిరిపోతుందేమోనని కొండల్ని మెల్లగా, వంపుల్ని వెడల్పుగా కట్టేవారు. కింది చక్రం వచ్చాక ఆ భయం తీరింది. థాంప్సన్ లాంగ్ ఐలాండ్‌లోని గ్లెన్ కోవ్‌లో కన్నుమూసిందీ అదే 1919లోనే.

ఎత్తడానికి గొలుసు, వెనక్కి జారకుండా కొక్కెం, పైకి ఎగరకుండా కింది చక్రం. ఈ మూడూ అమరాక కొండ ఎత్తును నిర్ణయించేది ప్రయాణికుడి కాళ్ల సత్తువ కాకుండా పోయింది. 1927లో కోనీ ఐలాండ్‌లో తెరిచిన సైక్లోన్ మొదటి కొండ 85 అడుగులు, వేగం గంటకు 60 మైళ్లు. ఎక్కడానికి మెట్లు లేవు. 25 సెంట్లు ఇచ్చి కూర్చుంటే మిగతాది గొలుసు చూసుకునేది.