దోహదం అనే మాటకి అసలు అర్థం

"ఈ పథకం రైతుల అభివృద్ధికి దోహదం చేస్తుంది" అని పేపర్లో రోజూ చదువుతూనే ఉంటాం. దోహదం అంటే ఇప్పుడు మనకి సాయం, తోడ్పాటు. కానీ ఆ మాటకి పాత అర్థం చూలాలి కోరిక అని నాకు బీఏ తెలుగు చదివే రోజుల్లో నిఘంటువు తిరగేస్తుంటే తెలిసింది. పులుపు తినాలనిపించడం, మట్టి వాసనకి నోరూరడం, ఇవన్నీ దోహదాలే. మొక్క పూత పట్టడానికి చేసే ఉపచారాన్ని కూడా దోహదం అనేవారు. సాయం అనే అర్థం అక్కడి నుంచే వచ్చి ఉంటుందని నాకనిపిస్తుంది.

సుశ్రుత సంహిత ఈ కోరికలకి ఒక కారణం చెప్పింది. నాలుగో నెలకి కడుపులో బిడ్డ గుండె స్పష్టమవుతుందట. అప్పుడు ఆ తల్లిలో రెండు హృదయాలుంటాయి కాబట్టి ఆమెని 'దౌహృదిని' అన్నారు. ఆమె కోరికలో బిడ్డ కోరిక కూడా ఉందన్నమాట. తీర్చకపోతే బిడ్డకి అవకరం వస్తుందని కూడా రాశారు. ఇది నేటి వైద్యం ఒప్పుకునే మాట కాదు. అయితే ఒకటి గమనించండి. ఆ హెచ్చరిక గర్భిణికి కాదు, ఆమె చుట్టూ ఉన్నవాళ్ళకి. "నీకేం కావాలి?" అని ఆమెని అడగడం అంటే లోపలి బిడ్డని కూడా పలకరించడమే అని ఆనాటివాళ్ళు అనుకున్నారు.

మరి అడగాల్సింది ఎవరు? సీమంతం చూడండి. సీమంతం అంటే పాపిట. సీమంతోన్నయనం అంటే పాపిటని పైకి తీయడం. తెలుగునాట చాలామంది వైదిక కుటుంబాలవాళ్ళు పాటించే ఆపస్తంబ గృహ్యసూత్రం ప్రకారం ఇది మొదటి గర్భానికి నాలుగో నెలలో చేయాలి. తెల్లటి మచ్చలు మూడున్న ఏదుపంది ముల్లు, మూడు దర్భలు, పచ్చి మేడికాయల గుత్తి పట్టుకుని పాపిట తీయాల్సింది భర్తే. వీణ వాయించేవాళ్ళని పాడమని చెప్పాల్సిందీ ఆయనే. ఈ రోజు మన ఇళ్ళలో సీమంతం అంటే గాజులు, పసుపు కుంకాలు, పూలజడ, పేరంటాళ్ళు. నా సీమంతం రోజు మా ఆయన పనల్లా భోజనాల దగ్గర విస్తళ్ళు లెక్కపెట్టడమే! ఆయన్ని ఎవరూ పొమ్మనలేదు. అక్కడ తన పనేమిటో ఆయనకీ తెలియదు, చెప్పేవాళ్ళూ లేరు.

కావ్యాల్లో మాత్రం భర్తకి పని ఉంది. కాళిదాసు రఘువంశంలో సుదక్షిణ సిగ్గుపడి తన కోరికలు చెప్పుకోదు. దిలీపుడు ఊరుకోకుండా ఆమె చెలికత్తెల్ని మాటిమాటికీ అడుగుతాడు, ఆమెకి ఏమి తినాలనుందో కనుక్కోమని. పుట్టబోయే రఘుడికి తండ్రి ప్రేమ అలా ముందే అందింది.

ఉత్తరరామాయణంలో రాముడు కూడా సీతని అడిగాడు. గంగాతీరాన మునుల ఆశ్రమాలు చూడాలని ఆమె చెప్పింది. తిక్కన నిర్వచనోత్తర రామాయణం నుంచి 1963 నాటి లవకుశ సినిమా దాకా తెలుగువాళ్ళు ఈ కథ చెప్పుకుని ఏడుస్తూనే ఉన్నారు. ఆమెని అడవిలో దింపిరావడానికి ఆ కోరికే సాకు అయింది కదా! చూలాలు నమ్మి చెప్పుకున్న మాట అది. ఆ తర్వాత లవకుశులు తండ్రి ఎవరో తెలియకుండానే పెరిగారు.

ఇదే విషయాన్ని ఇప్పటి పరిశోధకులు కొలిచి చూస్తున్నారు. 1981లో అమెరికాలో మెకా క్రాన్లీ అనే నర్సింగ్ పరిశోధకురాలు గర్భంలోని బిడ్డతో తల్లికున్న అనుబంధాన్ని కొలవడానికి 24 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు. 1993లో ఆస్ట్రేలియా మానసిక వైద్యుడు జాన్ కాండన్ తల్లికి ఒకటి, తండ్రికి ఒకటి విడిగా ప్రశ్నావళులు రాశారు. అంటే కడుపు మోయని తండ్రికీ ఆ అనుబంధం ఉంటుందని ఒప్పుకున్నట్టే. భార్యాభర్తల మధ్య సఖ్యత ఉన్నచోట ఈ అనుబంధం బలంగా కనిపిస్తోందని ఆ తర్వాత వచ్చిన చాలా అధ్యయనాలు చెప్పాయి.

దీన్ని పట్టుకుని మళ్ళీ ఆడపిల్లనే అనకూడదు. మొగుడితో పడక దిగులుగా ఉన్న అమ్మాయిని "నీకు బిడ్డ మీద ప్రేమ లేదా?" అనడం అన్యాయం. సీతమ్మకి ప్రేమ లేకనా ఇద్దరిని పెంచింది? ఆ దిగులులో ఆమెకి తోడు ఎవరున్నారన్నదే అడగాల్సిన ప్రశ్న.

మన వైపు మొదటి కాన్పుకి అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది. అబ్బాయి వారానికోసారి వస్తాడు, రోజూ ఫోన్ చేస్తాడు. "స్కాన్ లో ఏమన్నారు? బరువెంత ఉంది?" అని అడుగుతాడు. అవీ అడగాల్సినవే. కానీ వాటికన్నా ముందు "నీకేం తినాలనుంది?" అని అడగమని మీ ఇంట్లో అబ్బాయిలకి చెప్పండి. దోహదం అంటే అదే.